పెత్తందారు చేలో రోమన్లు

రెండువేల ఏళ్ళ కిందట మా చేలో ఓ ఊరుండేదట. మామూలు ఊరు కూడా కాదు. సంత, కొలిమి, స్నానాల గదులు, గోడలకి ఖరీదైన రంగులేసుకున్న ఓ షావుకారు ఇల్లు, అన్నీ ఉన్న ఊరట. ఈ సంగతి నాకు చెప్పినవాడు ప్రొఫెసరు బెల్లాందీ గారు. నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ చేలోనే పొర్లుతున్నాను. నేనెరిగినంత వరకూ అక్కడ కాపురమున్నది మా గొర్రెలే.

ప్రొఫెసరు గారిది ఉత్తరాది. పెద్ద యూనివర్సిటీ, చిన్న కళ్ళజోడు. మూడేళ్ళుగా మా రోక్కాస్పినాలో దుక్కులయ్యి తొలివాన పడిందంటే చాలు, వెంట ఓ బస్సుడు పిల్లల్నేసుకుని దిగిపోతాడు. వాళ్ళు తవ్వరు. చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా వరసగా నిలబడి, పెళ్ళింట్లో చెవిదిద్దు పారేసుకున్న వాళ్ళలా తలలు దించుకుని నడుస్తారు. చిల్లపెంకు కనిపిస్తే వంగి తీసి సంచిలో వేస్తారు. సంచి మీద ఏ చోటో రాస్తారు. సాయంత్రానికి ఆ సంచులన్నీ కంప్యూటర్లోకి పోయి మ్యాపు మీద ఎర్రచుక్కలైపోతాయి. కాసిని పెంకులుంటే చిన్నచుక్క, అంటే రోమన్ల కాలపు పేదరైతు గుడిసె. కాస్త ఎక్కువుంటే పెద్దచుక్క, అంటే మోతుబరి కమతం. మావాళ్ళు వాళ్ళకి నేలచూపులోళ్ళని పేరు పెట్టారు. పిల్లలు మాత్రం పాపం బంగారాలు. నా గొర్రెపాల చీజుని రొట్టెలో పెట్టుకుని ఎంత ఆబగా తినేవాళ్ళో.

మొన్న నవంబర్లో చర్చి హాల్లో మీటింగు పెట్టి ఆ మ్యాపుని గోడమీద వేసి చూపించారు. ఊరంతా వచ్చింది. చలికాలం, వేరే పనేముంది గనక. మేయరు నున్జియో చేను మ్యాపులో కడిగిన కంచంలా ఉంది. బారు నడిపే బెరార్దీనో చేనూ అంతే. వాగవతల మా పొరుగు అస్సుంత వాళ్ళ ద్రాక్షతోటా అంతే. కొండపైన కూడా చుక్కలేదు. ఇక మా చేను చూద్దును కదా, అక్కడ చుక్కలు కావు, టమాటా సాసు గిన్నె ఎవరో బోర్లించినట్టు ఒకటే ఎరుపు.

"ఈ లోయలో జనమంతా ఒక్కచోటే గుమిగూడి బతికారు. చుట్టూ ఇంత మంచి భూములుండగా వాటినెవరూ ముట్టుకోలేదు. ఎందుకు? భద్రత కోసమా? నీటి కోసమా? లేక వాళ్ళ మధ్య మనం ఊహించలేనంత గాఢమైన ఆత్మీయత ఉండేదా?" అన్నారు ప్రొఫెసరు గారు.

వెనక బెంచీల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు దగ్గొచ్చినట్టు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నున్జియో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. దాంతో అందరూ కొట్టారు. ఎవరెవరు గట్టిగా కొడుతున్నారో చూసి పెట్టుకున్నాను. వాళ్ళ తాతలూ తండ్రులే ఆ పెంకులన్నీ తెచ్చి మా చేలో పోసింది.

ఆ ఆత్మీయత కథ చెప్పాలంటే మా తాత సవేరియో దగ్గరికెళ్ళాలి. ఆయన బారన్ గారి దివాణంలో పెత్తందారు. కోతలప్పుడు రైతుల దగ్గర పంట కొలుచుకునేవాడు. తీసుకునేందుకో కుంచం, ఇచ్చేందుకో కుంచం ఉండేవంటారు. ఉండే ఉంటాయి, ఆయన్నేం నేను వెనకేసుకురాను. యుద్ధం అయిపోయి బారన్ గారి భూములు పంచినప్పుడు ఊటబావి కింద చదును చెక్క మా తాతకి దక్కింది. అది ఊరికి కంటగింపైంది. మా ఊరి నేలలో ఎవరు ఎక్కడ నాగలి పెట్టినా పాత పెంకులు లేస్తాయి. కర్రుకి అడ్డం, గొర్రెల గిట్టలకి కోత. ఏరి గట్టున పడేస్తే మళ్ళీ దొర్లుకొస్తాయి. కాబట్టి అందరూ వాటిని బండికెత్తి తెచ్చి మా చేలో కుమ్మరించేవాళ్ళు. తాత పోయాడు, నాన్న పోయాడు, బండ్లు పోయి ట్రాక్టర్లొచ్చాయి, కుమ్మరింపు మాత్రం ఆగలేదు. మా ఊళ్ళో చిన్నపిల్ల చేతిలో కప్పు పగిలినా "పోయి పెత్తందారుకిచ్చి రా" అంటారు. దిబ్బలో పారెయ్యమని అర్థం. మా నాన్న ఒక్కనాడూ నోరెత్తలేదు. ఊరందరి మీదా ఒక్కడు తిరగబడతాడా? పోసినవి పోసినట్టే దున్నేసేవాడు.

సరే, పోయనీ. నాకు రోమన్లతో పేచీ లేదు, పెంకులతోనూ లేదు. నా బెంగంతా చీజు గది గురించి. మా ఇంటి కింద రాతి నేలమాళిగలో మా అవ్వ చీజు చేసింది, మా అమ్మ చేసింది, నేను చేస్తున్నాను. ఆరోగ్యశాఖవాళ్ళు వచ్చి, గోడలు కడిగేందుకు వీల్లేదు, మురుక్కాలవ లేదు, ఈస్టరు తర్వాత ఇక్కడ చేసింది అమ్మితే ఒప్పుకోం అన్నారు. కొత్త గది కట్టుకోవాలి. నీళ్ళుండాలి, లారీ వచ్చే దారుండాలి, నేల చదునుగా ఉండాలి. మా ఆస్తి మొత్తంలో అలాంటి చోటు ఆ చేను ఒక్కటే. నక్షా గీయించాను, అర్జీ పెట్టాను. గది లేస్తే నా చీజు నాకుంటుంది. లేవకపోతే పాలు క్యాన్లలో పట్టి ఫ్యాక్టరీ ట్యాంకరుకి పోసుకుని చేతులు ముడుచుకు కూర్చోవాలి. మా ఆయన కార్మినె గొర్రెలతో కొండమీదే ఉంటాడు, ఆయనకివేం పట్టవు. కానీ నాకు ఇంకో విద్య రాదు. ఊళ్ళో నన్నెవరైనా మంచిగా పలకరించారంటే అది నా చీజు మొహం చూసే.

మీటింగైన నెలకే పురావస్తు శాఖవాళ్ళు చెప్పేశారు. ఆ చేను ఇప్పుడు రక్షిత ప్రదేశం. జానెడు లోతు మించి దున్నకూడదు, ఇటుక మీద ఇటుక పెట్టకూడదు. నా నక్షా నాకిచ్చేశారు.

ఒంటికాలి మీద లేచి ప్రొఫెసరు దగ్గరికెళ్ళాను. పిల్లల్లేక మూతబడిన మా బడిలోనే ఆయన మకాం. చిన్నప్పుడు నేను కూర్చున్న బల్లల మీద పెంకులు బారులు తీరి ఉన్నాయి. మా కంటే బుద్ధిగా కూర్చున్నాయనుకోండి.

"ప్రొఫెసరు గారూ, ఈ పెంకులు రోమన్లు మా చేలో వదిలినవి కావు. మా ఊరివాళ్ళు తెచ్చి పోసినవి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి నావైపు జాలిగా చూశాడు. "ఎవరు చెప్పారమ్మా మీకు?"

"ఒకరు చెప్పేదేంటండీ? నా కళ్ళతో నేను చూశాను. బండ్లకి బండ్లు తెచ్చి పోసేవాళ్ళు."

"ఎందుకు పోస్తారు?"

"మా తాత మీద కసి."

"ఆహా." ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా ఏదో రాసుకున్నాడు. "ఎంత అందంగా ఉందో చూశారా? ఇక్కడో ప్రాచీన గ్రామముండేదన్న జ్ఞాపకం జనం లోలోపల నిలిచిపోయి, చివరికి మీ తాతగారి కథగా మారింది. దీన్ని మేము జానపద స్మృతి అంటాం."

"స్మృతి కాదండీ, చెత్త."

ఆయన నవ్వాడు. మరీ అంత చెడ్డవాడు కాదు, అది ఒప్పుకోవాలి. "సరే ఎర్సీలియా గారూ, మీ మాటే నిజమనుకుందాం. ఏ పెంకు ఏ చేలోంచి వచ్చిందో చెప్పగలిగిన వాళ్ళుంటారు కదా. ఒక్కరంటే ఒక్కర్ని తీసుకురండి. మా చేలోవి మేమే తెచ్చి పోశామని సంతకం పెట్టమనండి. మీ చేలో ఓ గుంట తవ్వి చూస్తాను. కింద గోడలు లేకపోతే శాఖవాళ్ళకి నేనే చెబుతాను."

ఇంత తేలికా అనుకున్నాను. పిచ్చిమొహాన్ని. ఏటా పంది కోసిన రోజు విందులో రెండు గ్లాసులు పడ్డాయంటే పెత్తందారు చేలో ఎవరు ఎన్ని బండ్లు పోశారన్నదే కదా మావాళ్ళ వీరగాథ. అందులో ఒక్కడు దొరకడా అని నేరుగా బెరార్దీనో బారుకెళ్ళాను. మేయరు కూడా అక్కడే పేకాడుతున్నాడు. నాకంటే పదేళ్ళు చిన్న. వాడి ముక్కు తుడిచినదాన్ని నేనే.

"ఒరే నున్జియో, మీ నాన్న ట్రాక్టరు కొన్నాక మొదటి ట్రాలీ ఎక్కడ దింపాడో గుర్తుందా? దాని ముందు నిలబడి ఫోటో కూడా దిగాడు."

"ఏ ట్రాలీ అక్కా?" అన్నాడు పేకముక్కల్లోంచి తలెత్తకుండా.

"పెంకుల ట్రాలీరా."

"పెంకులా? ఎరువు కాబోలక్కా. నాన్నకి మీ ఇంటివాళ్ళంటే ఎంత గౌరవమో నీకు తెలీదు."

బెరార్దీనో వైపు తిరిగాను. "నువ్వు చెప్పవయ్యా. పోయిన ఏడు నీ చేలో పెంకు తగిలి కర్రు విరిగిందని నా పేరు పెట్టి మరీ తిట్టావు, నేను ఊటబావి దగ్గర్నుంచి విన్నాను."

"మా చేలోనా?" బెరార్దీనో గ్లాసు తుడవడం ఆపాడు. "మాది వెన్నలాంటి నేల వదినా. పుట్టి బుద్ధెరిగి అందులో పెంకన్నది చూడలేదు."

అందరూ తలలూపారు. ఒక్కసారిగా రోక్కాస్పినాలో పొలాలన్నీ వెన్నముద్దలైపోయాయి. విషయం నాకర్థమైంది. మేం పోశామని ఎవడు సంతకం పెడితే వాడి చేలోకి ఆ చుక్క తిరిగెళ్ళి కూర్చుంటుంది. ఆ తర్వాత వాడూ నాలాగే జానెడు లోతు దున్నుకోవాలి. నున్జియో అప్పటికే తన చేలో నూనె గానుగకి షెడ్డు మొదలుపెట్టాడు. పునాది తవ్వితే ఏమేం బయటపడ్డాయో, ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా కాంక్రీటు లారీ ఎందుకొచ్చిందో నన్నడక్కండి. రోమన్లు నిజంగా కాపురమున్న చోట ఇప్పుడు గానుగ షెడ్డు లేచింది.

"అయినా అక్కా, రోమన్లంతటివాళ్ళు మా అందరి చేలూ కాదని మీ చేనే ఎంచుకున్నారంటే ఎంత మర్యాద" అన్నాడు నున్జియో. "పెద్దరోడ్డు మీద బోర్డు పెట్టిస్తున్నా. రోమన్ గ్రామం అని. బాణం గుర్తుతో."

"బాణం చూసి వచ్చినవాళ్ళకి ఏం చూపిస్తావురా?"

"మీ చేను."

"చేలో ఏముందిరా?"

"ఏమీ లేకపోతేనే కదక్కా ఊహించుకునేది."

బారంతా పడీపడీ నవ్వింది. నేను కాఫీ కూడా తాగకుండా వచ్చేశాను.

ఊరంతా ఒకెత్తు, మా అస్సుంత ఒకెత్తు. వాగవతలే వాళ్ళిల్లు. పొద్దున్నే గొర్రెల పాలు తియ్యడం అవగానే వాగు మీది బల్ల దాటి వచ్చేది, మా వంటింట్లో కాఫీ తాగేది. ఈ అలవాటు అది పెళ్ళై వచ్చిన కొత్తల్లో మొదలైంది. దాని కొడుకు దొనాతోకి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది నేనే. మా తాత రోజుల్లో వాళ్ళింటి ముసలమ్మ ఒక్కతే మా గడప తొక్కేదని మా అమ్మ చెప్పేది. బారు సంగతి చెబితే అస్సుంత బుగ్గలు నొక్కుకుంది.

"వాళ్ళ నోళ్ళు పడిపోను. తాతలనాటి కసి ఇంకా ఏంటే? మనుషులా వాళ్ళు?"

"నువ్వైనా వచ్చి ఊరివాళ్ళు పోస్తుంటే చూశానని చెప్పవే. అదైనా చాలేమో."

"ఎందుకు చెప్పనే? తప్పకుండా చెబుతాను. క్రిస్మస్ పోనీ."

క్రిస్మస్ పోయింది. మోకాలినొప్పి తగ్గనీ అంది. తగ్గింది. ద్రాక్ష కొమ్మలు కత్తిరించడం అవనీ అంది. నేను సరే అన్నాను. దాని మాట నేను అనుమానించడమేంటి?

మార్చిలో ప్రొఫెసరు గారు మళ్ళీ దిగి, నన్ను ఆదరాబాదరాగా పిలిపించుకున్నారు. "రండి ఎర్సీలియా గారూ, మీ ఊరి షావుకారు దొరికాడు" అంటూ పట్టుగుడ్డ మీద పెట్టిన పెంకుని చర్చిలో ఫాదరు అప్పం ఎత్తినట్టు రెండుచేతులా ఎత్తి చూపించారు. పెంకు మీద నీలం మరకలున్నాయి. పక్కన సంచీలో అలాంటివే బోలెడు.

"ఈ నీలం చూశారా? ఆ రోజుల్లో బంగారంతో సమానం. మహా గొప్పవాళ్ళు గోడలకి వేయించుకునే రంగిది. ల్యాబుకి పంపించాను. రాగి ఉందన్నారు. ఇక తిరుగులేదు. రోమన్ల నీలం తయారయ్యేది రాగితోనే."

నేనా పెంకుని చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దాను. ఆ నీలం నేనెరగనిదా? ఏటా మే నెలలో అస్సుంత ఏప్రన్ నిండా అదే నీలం. వాళ్ళ తలుపు గొళ్ళేనికి, వాళ్ళాయన బూట్లకి, కుక్క తోకకి కూడా అదే. మైలుతుత్తం. సున్నంలో కలిపి ద్రాక్షకి కొట్టే మందు. అందులోనూ ఉండేది రాగే. ఈ లోయలో ద్రాక్ష ఉన్నది ఒక్క అస్సుంతకే, మిగతా అందరం వైను కొనుక్కు తాగేవాళ్ళమే. ఆ తోట వేసి కూడా ఎన్నో ఏళ్ళు కాలేదు. నాటిన రోజు అందరికీ రొట్టెలు పంపింది నేనే. అంటే ఈ పెంకులు తాతలనాటివి కావు. నా కాఫీ తాగి వెళ్ళిన మనిషి పోసినవి.

ప్రొఫెసరు గారు అటు తిరగ్గానే సంచీలోంచి ఒకటి తీసి జేబులో వేసుకున్నాను. షావుకారు ఏమీ అనుకోడులే అనుకున్నాను.

అస్సుంత వంటింట్లో కవతెల్లి చేస్తోంది. చిన్న చిన్న పిండి ముక్కల్ని వేలితో నొక్కి లాగుతూ బల్లనిండా పరుస్తోంది. నేను పిండి మధ్యలో పెంకు పెట్టాను. అది పెంకుని చూసింది, నన్ను చూసింది. వేలు ఆగిపోయింది.

"నువ్వూనా?" అన్నాను.

"అందరూ పోస్తారు కదే" అంది. "మా అత్త ఉన్నప్పుడు పొయ్యకపోతే ఊరుకునేదా? నీ పక్షమని ఊరంతా అనేది."

"మీ అత్త పోయాక వేశావు ఆ తోట."

అది ఇంకో పిండి ముక్క తీసుకుని నొక్కింది.

"పక్కనే వాగుందే అస్సుంతా. పెంకులు వాగులో పారెయ్యకూడదూ? బల్ల దాటి మా చేనుదాకా మోసుకొచ్చావా?"

"వాగులోనా?" అంది ఆశ్చర్యంగా. "వాగు పాడైపోదూ?"

అది ఏప్రన్‌తో చేతులు తుడుచుకుని నా భుజం పట్టుకోబోయింది. నేను వెనక్కి జరిగాను.

"ఒట్టే ఎర్సీలియా, నిన్ను తలుచుకుని పొయ్యలేదే. నీ మీద నాకేం కోపం? పెంకులేరితే తట్టకెత్తుతాం, అక్కడ పోస్తాం, వచ్చేస్తాం. అలవాటు. అది నీ చేనన్న ఆలోచనే రాదు. పోసొచ్చి నీ ఇంట్లో కాఫీ తాగిన రోజులున్నాయి, ఒక్కసారి తట్టలేదు నాకు."

కోపంతో పోశానని ఉంటే నేను తట్టుకునేదాన్ని. కోపముంటే మనిషి గుర్తున్నట్టే కదా. నేను గుర్తే లేనట. ఇన్నేళ్ళూ దీన్నా నేను నా మనిషి అనుకున్నది?

"సరే, పోశావు. ఇప్పుడు వచ్చి ఆ మాటే ప్రొఫెసరుకి చెప్పు. నా చీజు గది లేస్తుంది."

"ఎలా చెప్పనే? దొనాతో తోట పక్కన పునాది తీశాడు. ఇల్లు లేచేదాకా రానని కోడలు పుట్టింట్లో కూర్చుంది. ఇప్పుడు నేనెళ్ళి చుక్క తెచ్చి కొడుకు నెత్తిన పెట్టుకోనా?" దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీకేముందే, పాలు అమ్ముకుంటావు. ఈ వయసులో ఇంకా ఎంతకాలం చేస్తావు ఆ చీజు?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. నేను పెంకు తీసుకుని తిన్నగా బడికి నడిచాను. దారిలో దొనాతో ఎదురై "పిన్నీ" అని పలకరించినా ఆగలేదు.

"ప్రొఫెసరు గారూ, ఇది మీ రోమన్ల రంగు కాదు. మైలుతుత్తం. ద్రాక్షకి కొట్టే మందు. ఇది అస్సుంత తోటలో ఏరి మా చేలో పోసింది. ఇప్పుడే దాని నోటితో అది ఒప్పుకుంది. వెళ్ళి చూసుకోండి, ఈ ఏడు దున్నాక ఇంకా ఏరనివి తోటలో తట్టలకొద్దీ దొరుకుతాయి" అన్నాను.

ప్రొఫెసరు గారి బల్ల మీద పత్రిక ఉంది, అట్ట మీద అదే నీలం పెంకు ఫోటో, కింద ఆయన పేరు. ఆయన పత్రికని చూశారు, నన్ను చూశారు. తర్వాత పిల్లల్ని కేకేసి బూట్లు వేసుకున్నారు.

నేను బడిలోనే కూర్చున్నాను. ఒకటే అనుకున్నాను, చీజు గది వస్తుంది. దొనాతో గుర్తొచ్చినప్పుడల్లా అస్సుంత చివరి మాట తలుచుకుని మనసు గట్టిచేసుకున్నాను. పొద్దువాలే వేళకి వాళ్ళు తిరిగొచ్చారు. ప్రొఫెసరు గారి మోకాళ్ళదాకా మట్టి. మొహం మాత్రం కొత్త పెళ్ళికొడుకు మొహం.

"ఎర్సీలియా గారూ, మీకెలా కృతజ్ఞతలు చెప్పుకోవాలో తెలీడం లేదు. ఎక్కడ చూసినా నీలమే. షావుకారు ఇల్లు వాగు దాటి అక్కడిదాకా ఉందండీ."

"అది మైలుతుత్తమండీ."

"కొంత మైలుతుత్తం ఉండొచ్చు, నేను కాదనను. పైన మైలుతుత్తం, కింద రోమన్ నీలం. ఒకటున్నంత మాత్రాన రెండోది లేదని ఎలా అంటాం?"

"అస్సుంత తానే పోశానని ఒప్పుకుందని చెబుతుంటే."

"అడిగాను. ఆవిడ మీతో అసలా మాటే అనలేదన్నారు." ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. "అయినా పెంకు ఇటు నుంచి అటు వెళ్ళిందో, అటు నుంచి ఇటు వచ్చిందో మనకెందుకు? అంతా ఒకటే ఇల్లు."

"మరి మా చేలో గుంట తవ్వి చూస్తానన్నారు?"

"అయ్యో, ఇప్పుడెలా తవ్వుతాం? ఇంత గొప్ప స్థలాన్ని కెలకడం నేరం. రాబోయే తరాల కోసం ఇలాగే వదిలెయ్యాలి."

రాబోయే తరాలంటే ఎవరో నాకు తెలీదు. మా బడి వాళ్ళు లేకే మూతబడింది.

కొత్త మ్యాపు మునిసిపల్ ఆఫీసు గోడకెక్కింది. ఎరుపు మా చేనంతా పరుచుకుని, వాగు దాటి, అస్సుంత తోట మీదుగా దొనాతో పునాదిదాకా పాకింది. వాగుకి ఇటువైపు వంటిల్లు, కొట్లు, అటువైపు పడకగదులట. ఒకే కుటుంబం ఉండేదని కింద రాసుంది. నున్జియో రిబ్బను కత్తిరించాడు. ప్రొఫెసరు గారికి పెద్ద పదవి వచ్చిందని విన్నాను. నున్జియో గానుగ ఈ శరత్తుకి నూనె పడుతుందట.

దొనాతో పునాదిలో గడ్డి మొలిచింది. వాడు భార్య దగ్గరికే, ఇల్లరికం పోయాడు. పోయేముందు పిన్నిని చూడ్డానికి రాలేదు. ఈస్టరు వెళ్ళిన మర్నాడు నేను నేలమాళిగకి తాళం పెట్టాను. ఇప్పుడు పొద్దున్నే ఫ్యాక్టరీ ట్యాంకరు వచ్చి పైపు పెట్టి పాలు లాగేసుకుని పోతుంది. ఆ తర్వాత నాకు మధ్యాహ్నందాకా పనుండదు. కాఫీ పెట్టుకుంటాను, ఒక్కదాన్నే తాగుతాను. రొట్టెల కొట్లో అస్సుంత ఎదురైతే అది అటు చూస్తుంది, నేనిటు చూస్తాను. నేను చెప్పింది నిజం, అది దాచింది నిజం, అయినా ఇద్దరికీ ఒకటే దక్కింది. ఎవరిది తప్పని ఇప్పుడడిగితే నాకు ఒళ్ళు మండుతుంది, అడక్కండి.

మే నెలలో బాణం గుర్తు చూసుకుని ఓ జంట కార్లో వచ్చింది. రోమన్ల పెద్దిల్లు ఎక్కడండీ అన్నారు. ఇదేనని చేను చూపించాను. వాళ్ళు అటూ ఇటూ చూసి, గొర్రెల్ని ఫోటో తీసుకున్నారు.

"ఒకే కుటుంబమట కదా, అంత పెద్దింట్లో" అంది ఆ అమ్మాయి. "అందరూ కలిసే ఉండేవాళ్ళా?"

"కలిసే ఉండేవాళ్ళటమ్మా. పొద్దున్నే ఒకరింట్లో ఒకరు ఏదో తాగేవాళ్ళు కూడా."

వాగవతల అస్సుంత వీపున డబ్బా కట్టుకుని ద్రాక్షకి మందు కొడుతోంది. ఒంటినిండా నీలం. ఆ అమ్మాయి చెయ్యి ఊపింది. అస్సుంత తలెత్తింది. పక్కన నన్ను చూసి మళ్ళీ వంగిపోయింది.

"ఆవిడ మీవాళ్ళాండీ?" అంది ఆ అమ్మాయి.

"మ్యాపులో" అన్నాను.